యెహోవా, యేషువా, అదోనాయ్: బైబిల్లోని దైవనామాలను మీ అంతట మీరే పరిశీలించుకోవడం ఎలా?

ఈ మధ్య కూటాల్లో ఎవరు కలిసినా అడుగుతున్నవి ఇవే. “యేసు అనాలా, యేషువా అనాలా?” “యెహోవా అనేది తప్పు పేరట కదా?” “యాహువా అని పలకకపోతే ప్రార్థన చేరదట, నిజమేనా?” ఒక్కొక్కరికీ చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. అందుకే ఈసారి జవాబులతో సరిపెట్టకుండా, జవాబు వెతుక్కునే పద్ధతి రాస్తున్నాను. ఓ గంట కూర్చోగలిగితే చాలు. హీబ్రూ రానక్కర్లేదు.

ఈ ప్రశ్నలు ఎక్కడినుంచి వస్తున్నాయో కూడా చెప్పుకోవాలి. యేషువాయే ఇశ్రాయేలుకు వాగ్దానమైన మెస్సీయ అని నమ్ముతూ, విశ్రాంతి దినం, పస్కా లాంటివి ఆచరించే యూదులను మెస్సియానిక్ యూదులంటారు. వాళ్ల పాటలూ బోధలూ యూట్యూబ్‌లో మన సంఘాలదాకా వచ్చాయి. వాటి వెంటే అదోనాయ్ (ప్రభువు), హషెమ్ (ఆ పేరు), యేషువా హమషీయఖ్ (మెస్సీయ అయిన యేసు) అనే మాటలూ వచ్చాయి. ఆ మాటలు మంచివే. వాటి పక్కన చేరిన వాట్సాప్ పాండిత్యంతోనే చిక్కు. (గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరున్న బెనె ఎఫ్రాయిమ్ వారి గురించి కూడా కొందరు అడిగారు. వారిది యూదు మతాచారం. మెస్సియానిక్ విశ్వాసంతో కలపకండి.)

కావలసినవి

- తెలుగు బైబిలు, బైబిల్ సొసైటీ వారి పాత అనువాదం. నేను చెప్పే వచనాలన్నీ అందులోవే.
- ఫోనులో బైబిల్ హబ్, బ్లూ లెటర్ బైబిల్, స్టెప్ బైబిల్, వీటిలో ఏదో ఒకటి. మూడూ ఉచితమే. ఇంగ్లీషు అంకెలు గుర్తుపట్టగలిగితే చాలు.
- ఒక నోటుబుక్కు. పేజీని నాలుగు గళ్లు చేయండి: వచనం, తెలుగులో ఉన్న మాట, నంబరు, మూలంలోని మాట.
- కింది నంబర్ల పట్టీ. 1890లో వచ్చిన స్ట్రాంగ్స్ పదసూచికలో బైబిల్లోని ప్రతి హీబ్రూ, గ్రీకు మాటకూ ఒక నంబరు ఇచ్చారు. హీబ్రూకు ముందు ‘హెచ్’, గ్రీకుకు ముందు ‘జి’ ఉంటుంది.

హీబ్రూ:
యెహోవా – 3068 (అదోనాయ్ పక్కన వస్తే చాలాచోట్ల 3069)
యాహ్ – 3050
ఎలోహీమ్ – 430
ఏల్ – 410
షద్దాయ్ – 7706
అదోనాయ్ – 136
అదోన్ – 113
మషీయఖ్ – 4899
యెహోషువ – 3091
యేషూవ – 3442
యెషూఆ, అంటే రక్షణ – 3444

గ్రీకు:
యేసూస్ – 2424
క్రిస్తోస్ – 5547
కూరియోస్ – 2962
థెయోస్ – 2316

ఈ పట్టీని నోటుబుక్కు అట్ట లోపల రాసిపెట్టుకోండి. పదేపదే చూస్తారు.

1. పేరా, బిరుదా, స్థలం పేరా? ముందు అది తేల్చండి

మన పాటల్లో అన్నీ ‘దేవుని నామాలే’. బైబిల్లో అలా లేదు. మూడు రకాలున్నాయి.

సొంత పేరు ఒక్కటే: యెహోవా అని మనం చదివే ఆ నాలుగు హీబ్రూ అక్షరాలు. దాని పొట్టి రూపం యాహ్. ఆ పొట్టి రూపాన్ని మీరు ప్రతి ఆదివారం పలుకుతూనే ఉన్నారు. హల్లెలూ అంటే స్తుతించండి, యా అంటే ఆయన పేరు.

ఎలోహీమ్, ఏల్, అదోనాయ్ అనేవి దేవుడు, ప్రభువు అనే మాటల్లాంటివి. ఎలోహీమ్ అన్న మాట అన్య దేవతలకూ వాడారు. నిర్గమకాండము 20:3లో ‘వేరొక దేవుడు’ అన్నచోట మూలంలో ఉన్నది అదే, 430. ఏల్ షద్దాయ్ (ఆదికాండము 17:1, సర్వశక్తిగల దేవుడు), ఏల్ ఎల్యోన్ (14:18, సర్వోన్నతుడగు దేవుడు), ఏల్ రొయీ (16:13, హాగరు నోట వచ్చిన ‘చూచుచున్న దేవుడవు’) అనేవి బిరుదులు.

మూడో రకం దగ్గరే అందరూ పొరబడతారు. ఆదికాండము 22:14 తీయండి: “అబ్రాహాము ఆ చోటికి యెహోవా యీరే అని పేరు పెట్టెను.” ఎవరికి పెట్టాడు? చోటికి. నిర్గమకాండము 17:15లో యెహోవా నిస్సీ అని మోషే పేరు పెట్టింది బలిపీఠానికి. యెహెజ్కేలు 48:35లో యెహోవా షమ్మా పట్టణం పేరు. వీటితో పాడుకోవద్దని కాదు, నేనూ పాడతాను. కానీ ‘దేవునికి ఏడు పేర్లు’ అని పిల్లలకు పట్టీ రాయించేటప్పుడు, అది ఆయన ఏం చేశాడో గుర్తుండటానికి మనుషులు ఒక స్థలానికి పెట్టిన పేరని కూడా చెప్పండి.

2. నంబరు చూడండి

యాప్‌లో వచనం తెరిచి ‘ఇంటర్‌లీనియర్’ అన్న మీట నొక్కితే ఒక్కో మాట దగ్గరా నంబరు కనిపిస్తుంది. హీబ్రూ కుడినుంచి ఎడమకు నడుస్తుందని మరవకండి.

మొదట కీర్తనలు 110:1 చూడండి. మీ ప్రతిలో “ప్రభువు నా ప్రభువుతో” అని ఉంటే, ఆ ఇద్దరూ ఒకే మాటలా కనిపిస్తారు. నంబర్లు చూస్తే మొదటిది 3068, రెండోది 113. అంటే యెహోవా, దావీదు ‘నా ప్రభువు’ అన్న మరొకరితో మాట్లాడుతున్నాడు. మత్తయి 22వ అధ్యాయంలో యేసు పరిసయ్యులను నోరెత్తనివ్వని ప్రశ్న ఈ తేడామీదే నిలబడింది. ఇంగ్లీషు బైబిళ్లలో ఆ నాలుగక్షరాల పేరును పెద్దక్షరాలతో ‘లార్డ్’ అని అచ్చువేసి తేడా చూపిస్తారు. మన లిపిలో పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ లేవు కాబట్టి ఆ వెసులుబాటు లేదు. నంబరే దిక్కు.

తర్వాత ఆదికాండము 15:2, “ప్రభువైన యెహోవా”. అక్కడ 136, 3069 పక్కపక్కనే ఉంటాయి. యెహెజ్కేలు గ్రంథంలో ఈ జంట 200 సార్లకు పైగా వస్తుంది.

*హెచ్చరిక:* వచనాల లెక్క అన్నిచోట్లా ఒకటి కాదు. హీబ్రూ ప్రతుల్లో చాలా కీర్తనలకు పైనున్న శీర్షికనే ఒకటో వచనంగా లెక్కిస్తారు. మన యోవేలు 2:32 వాళ్లకు 3:5. మలాకీ నాలుగో అధ్యాయం వాళ్లకు మూడులోనే కలిసిపోయింది. మాట కనిపించకపోతే కంగారుపడకుండా ఒక వచనం అటూ ఇటూ వెతకండి.

3. నాలుగక్షరాలను ఎందుకు అలా చదువుతున్నామో తెలుసుకోండి

యోద్, హే, వావ్, హే. హీబ్రూ బైబిల్లో ఈ పేరు 6,800 సార్లకు పైగా ఉంది. పాతకాలంలో హల్లులే రాసేవారు. ఆలయం ఉన్న రోజుల్లో ప్రాయశ్చిత్త దినాన ప్రధాన యాజకుడు ఆ పేరు పలికితే ఆవరణలోని జనం సాగిలపడేవారని యూదుల పాత ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నా చెబుతుంది. క్రీ.శ. 70లో ఆలయం కూలిపోయింది. చదివేటప్పుడు ఆ పేరు బదులు అదోనాయ్ అనడం యూదుల్లో స్థిరపడిపోయింది. తర్వాతి శతాబ్దాల్లో మసోరెతులనే పండితులు హల్లుల కిందా పైనా అచ్చుల గుర్తులు పెట్టినప్పుడు, ఇక్కడ ‘అదోనాయ్ అని చదువు’ అని గుర్తు చేయడానికి అదోనాయ్ అచ్చులనే ఈ నాలుగు హల్లులకు తగిలించారు. ఆ హల్లులూ ఈ అచ్చులూ కలిపి చదివితే వచ్చిన రూపమే యెహోవా.

అసలు ఉచ్చారణ యాహ్వే అయ్యుండాలని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. సమరయులు దాన్ని ‘యాబే’ అంటారని 5వ శతాబ్దంలో థియోడొరెట్ అనే క్రైస్తవ బిషపు గ్రీకులో రాసిపెట్టాడు.

మరి తెలుగులో యెహోవా అనడం పాపమా? నా మటుకు నాకు కాదు. మన బైబిలు, మన పాటలు, మన తాతల ప్రార్థనలు ఆ మాటతోనే నడిచాయి. అది మూల ఉచ్చారణ కాకపోవచ్చునని తెలిసి పలకడం వేరు, తప్పుడు దేవుణ్ని పిలిచినట్టు భయపడటం వేరు.

యూదులు పేరెత్తకపోవడం చాదస్తమని వెక్కిరించేవాళ్లున్నారు. మన ఇళ్లు గుర్తు చేసుకోండి. మా నాయనమ్మ రేషను కార్డు రాయించుకోవడానికి వెళ్తే భర్త పేరు అడిగారు. ఆవిడ నోరు విప్పలేదు. పక్కనే ఉన్న నన్ను మోచేత్తో పొడిచి, “చెప్పరా, మీ తాత పేరు” అంది. ‘హషెమ్’ అంటే ‘ఆ పేరు’ అని అర్థం. ఒక యూదు స్నేహితుడు హషెమ్ అంటే నాకు వినిపించేది ఆ మోచేతి పోటే.

4. అర్థాన్ని నిఘంటువులో కాదు, నిర్గమకాండము 3లో వెతకండి

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. 3:14లో “నేను ఉన్నవాడను అనువాడనై యున్నాను” అని ఉంది. హీబ్రూలో ‘ఎహ్యే అషేర్ ఎహ్యే’. చాలామంది ఇక్కడే ఆగి, నిత్యుడు, స్వయంభువు అంటూ తత్వం చెబుతారు. రెండు వచనాలు వెనక్కి రండి. 3:12లో వెళ్లడానికి జంకుతున్న మోషేతో దేవుడు “నిశ్చయముగా నేను నీకు తోడైయుందును” అంటాడు. అక్కడ ‘ఉందును’ అన్న మాట కూడా ఎహ్యేనే. యాప్‌లో రెండు వచనాల్లోనూ నంబరు చూడండి, 1961 అని ఒకటే వస్తుంది.

ఆ క్రియారూపం ‘ఉన్నాను’ అన్నట్టూ ఉంటుంది, ‘ఉంటాను’ అన్నట్టూ ఉంటుంది. దీనికి మన ఇళ్లలో మాట ఒకటుంది. ఆస్పత్రి వరండాలో చేతులు వణుకుతున్న మనిషి భుజంమీద చెయ్యేసి అంటాం చూడండి, “నేనున్నాగా.” ఆ అధ్యాయంలో మోషేకు అందింది ఇంచుమించు అదే. వెంటనే 3:15లో అదే క్రియ ‘నేను’ నుంచి ‘ఆయన’కు మారినట్టుగా నాలుగక్షరాల పేరు వస్తుంది.

మీ నోటుబుక్కులో ఈ పేరు పక్కన అర్థం రాయాల్సి వస్తే 3:12, 3:14, 3:15 మూడూ కలిపి రాయండి. ఒక్క 3:14 రాస్తే సగమే.

5. యేసు, యేషువా: తెలుగు బైబిల్లోనే రుజువు చూడండి

దీనికి యాప్ కూడా అక్కర్లేదు. హగ్గయి 1:1 తీయండి: యెహోజాదాకు కుమారుడైన యెహోషువ. ఇప్పుడు ఎజ్రా 3:2 తీయండి: యోజాదాకు కుమారుడైన యేషూవ. ఇద్దరూ ఒక్కరే, బబులోను చెర తర్వాత వచ్చిన ప్రధాన యాజకుడు. తండ్రి పేరులో యెహో కాస్తా యో అయింది, కొడుకు పేరు యెహోషువ కాస్తా యేషూవ అయింది. మన వెంకటేశ్వర్లు వెంకటేశు అయినట్టు. యేషువా అంటే ఇదే.

గ్రీకులోకి వెళ్లేసరికి ‘ష’ పలికే అక్షరం లేక ‘స’ అయింది, చివర గ్రీకు మగపేర్లకు వచ్చే ‘స్’ చేరింది: యేసూస్. ఇది క్రైస్తవులు పుట్టించిన మాట కాదు. క్రీస్తుకు ముందే యూదులు తమ లేఖనాలను గ్రీకులోకి మార్చినప్పుడు నూను కుమారుడైన యెహోషువను యేసూస్ అనే రాశారు. ఇప్పుడు హెబ్రీయులకు 4:8 తీయండి. “యెహోషువ వారికి విశ్రాంతి కలుగజేసినయెడల” అని మన బైబిల్లో ఉంది. యాప్‌లో ఆ మాట నంబరు చూడండి. 2424. మత్తయి 1:21లో ‘యేసు’ నంబరూ 2424. ఒకే మాటను మనవాళ్లు ఒకచోట యెహోషువ అనీ, మరోచోట యేసు అనీ అనువదించారు.

నేనూ ఒకప్పుడు ఇందులో బోల్తాపడ్డవాణ్నే. ‘యేసూస్ అనే పేరు జూస్ అనే గ్రీకు దేవుడి నుంచి వచ్చింది’ అని ఎవరో పంపితే, నిజమనుకుని యువకుల కూటంలో చెప్పాను. వెనక వరసలో కూర్చున్న ఒక అమ్మాయి లేచి, “అన్నా, మరి హెబ్రీ 4:8లో యెహోషువక్కూడా అదే పేరుంది కదా?” అంది. ఆ సాయంత్రం నుంచే ఈ నోటుబుక్కు అలవాటు.

ఇక అర్థం. మత్తయి 1:21లో “తన ప్రజలను వారి పాపములనుండి ఆయనే రక్షించును గనుక ఆయనకు యేసు అను పేరు” అంటాడు దూత. ఆ ‘గనుక’ గ్రీకులోనూ తెలుగులోనూ తెలియదు. హీబ్రూలో పేరూ, రక్షించడమూ ఒకే ధాతువు. ఆ ధాతువే హోసన్నాలోనూ ఉంది: ‘హోషీఆ నా’, దయచేసి రక్షించు (కీర్తనలు 118:25). మట్టల ఆదివారం నాడు పిల్లలు మట్టలూపుతూ అరిచేది ఆయన పేరుకు చుట్టమే.

*హెచ్చరిక:* యేషూవ (3442), యెషూఆ (3444) ఒకటి కాదు. మొదటిది మనిషి పేరు, రెండోది ‘రక్షణ’ అనే నామవాచకం. ధాతువు ఒకటే, చివరి అక్షరం వేరు. ‘పాత నిబంధనలో యేసు పేరు ఇన్నిసార్లు ఉంది’ అనే లెక్కలన్నీ ఈ రెంటినీ కలిపేసి వేసినవే.

6. కొత్త నిబంధనలో ‘ప్రభువు’ కనిపిస్తే వెనక్కి వెళ్లండి

మనకు దొరికిన కొత్త నిబంధన గ్రీకు ప్రతుల్లో నాలుగక్షరాల పేరు ఎక్కడా లేదు, కూరియోస్ ఉంది. కాబట్టి పాత నిబంధన నుంచి ఎత్తి రాసిన వచనాలను మూలంతో పోల్చాలి. ఒక్కటి చేస్తే పద్ధతి పట్టుబడుతుంది.

రోమీయులకు 10:13: “ప్రభువు నామమునుబట్టి ప్రార్థన చేయువాడెవడోవాడు రక్షింపబడును.” ఇది యోవేలు 2:32. అక్కడ ఉన్నది “యెహోవా నామమునుబట్టి”, 3068. ఇప్పుడు రోమా 10:9 చదవండి. పౌలు ప్రభువని ఒప్పుకోమంటున్నది యేసును. యెహోవా గురించి చెప్పిన వచనాన్ని యూదుడైన పౌలు యేషువాకు వర్తింపజేస్తున్నాడు. మెస్సియానిక్ విశ్వాసులకు పేర్లమీద అంత పట్టింపు ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. ఫిలిప్పీయులకు 2:10–11ను యెషయా 45:23తో పోల్చినా ఇదే తేలుతుంది. అది మీకు వదిలేస్తున్నాను.

క్రీస్తు సంగతి సులువు. హీబ్రూ మషీయఖ్, గ్రీకు క్రిస్తోస్, తెలుగు అభిషిక్తుడు, మూడూ ఒకటే. యోహాను 1:41లో అర్థంతో సహా రాసి ఉంది. అది ఇంటిపేరు కాదు, బిరుదు.

7. ఏది, ఎవరి దగ్గర పలకాలి?

మీ ఇంట్లో, మీ సంఘంలో యేసు, యెహోవా అనే అనండి. పల్లెలో ముసలమ్మకు యేషువా అని ప్రకటిస్తే ఆమె ఎవరో కొత్త దేవుడనుకుంటుంది.

యెరూషలేము యాత్రకు వెళ్లి యూదు విశ్వాసులతో కలిసి ప్రార్థిస్తే యేషువా అనండి. నాలుగక్షరాల పేరు బదులు ప్రార్థనలో అదోనాయ్, మామూలు మాటల్లో హషెమ్ అనండి. అక్కడ ‘యేషు’ అని కత్తిరించి పలకకండి. మన ‘యేసు’కు దగ్గరగా ఉందని నోటికి వచ్చేస్తుంది, కానీ చాలామంది మెస్సియానిక్ విశ్వాసులకు అది తక్కువ చేసి పిలిచినట్టు వినిపిస్తుంది. చివరి ‘అ’ వినబడాలి. ఒత్తు ‘షూ’మీద పడాలి: యే-షూ-అ.

కాథలిక్ ఆరాధనకు వెళ్తే అక్కడ యాహ్వే అని పలకరు. ఆ పేరును ఆరాధనలో, పాటల్లో వాడవద్దని 2008లో వాటికన్ బిషపులకు ఉత్తరం రాసింది.

ఎక్కువగా చేసే పొరపాట్లు

*యేసుకు ‘యాహుషువా’యే అసలు పేరనడం.* దీన్ని తెలుగు బైబిల్లోని పేర్లతోనే తేల్చవచ్చు. దేవుని పేరు ముందు చేరితే యెహో లేదా యో: యెహోషాపాతు, యెహోయాకీము, యోనాతాను. వెనక చేరితే యాహు లేదా యా: యెషయా హీబ్రూలో యెషయాహు, యిర్మీయా యిర్మెయాహు. ముందుకొచ్చిన ‘యాహు’ మీకు ఎక్కడా కనబడదు.

*శబ్దం కలిసిందని చుట్టరికం కలపడం.* అరామిక్‌లో అబ్బా అంటే తండ్రి. సీమలో తాతను అబ్బ అంటారు. వినడానికి బాగుంటుంది, కానీ అంతకుమించి ఏమీ లేదు. హీబ్రూ పేర్లకు సంస్కృత ధాతువులు చెప్పేవాళ్లు ఎదురైతే, ఆ మాట పాత రూపం ఏ ప్రతిలో ఉందని అడగండి.

*ఎలోహీమ్ బహువచనం కాబట్టి త్రిత్వం రుజువైపోయిందనడం.* రూపం బహువచనమే, కానీ ఆదికాండము 1:1లో ‘సృజించెను’ అన్న క్రియ ఏకవచనం. ఒక్క మనిషే వచ్చినా ‘అయ్యగారు వచ్చారు’ అనే మనకు గౌరవ బహువచనం కొత్త కాదు. మనం క్రియను బహువచనం చేస్తాం, వాళ్లు నామాన్ని చేశారు. త్రిత్వానికి వేరే వచనాలున్నాయి. బరువంతా దీనిమీద వేయకండి.

*పేరును మంత్రంలా వాడటం.* సరైన ఉచ్చారణతో 21 సార్లు అంటే రోగం పోతుందని చెప్పేవాళ్ల దగ్గర్నుంచి మర్యాదగా లేచి వచ్చేయండి. మూడో ఆజ్ఞలో “వ్యర్థముగా నుచ్చరింపకూడదు” అన్నచోట హీబ్రూ క్రియకు ఎత్తుకోవడం, మోయడం అనే అర్థాలున్నాయి. పలుకుబడి దిద్దుకున్నంత మాత్రాన ఆ ఆజ్ఞ నెరవేరదు.

సరిగా వచ్చిందో లేదో చూసుకోండి

కింది మూడు వచనాల నంబర్లు ముందు మీరు రాసి, తర్వాత జవాబులు చూడండి.

ఒకటి, కీర్తనలు 8:1, “యెహోవా మా ప్రభువా”.
రెండు, యెషయా 12:2, “యెహోవా యెహోవాయే నాకు బలము”, అదే వచనం చివర ఉన్న రక్షణ.
మూడు, లూకా 2:11, “ప్రభువైన క్రీస్తు”.

జవాబులు:
మొదటిది 3068, 113. కొన్ని హీబ్రూ ప్రతుల్లో ఇది 8:2 కింద ఉంటుంది. దొరకలేదంటే రెండో మెట్టులోని హెచ్చరిక మరిచారన్నమాట.
రెండోది 3050, 3068, 3444. తెలుగులో రెండుసార్లూ యెహోవా అని ఉన్నా మూలంలో మొదటిది యాహ్. రక్షణకు 3442 రాసి ఉంటే కొట్టేసి ఐదో మెట్టు మళ్లీ చదవండి.
మూడోది గ్రీకు వరసలో 5547, 2962. తెలుగులో ప్రభువు ముందుంది, గ్రీకులో క్రిస్తోస్ ముందుంది. వరస తారుమారైందని మీ నోటుబుక్కులో గీత గీసి దిద్దక్కర్లేదు.